ముందు గదిలో పసుపు

ఆర్మూరు,
9 నవంబర్ 2025

పద్మలత వదినకు,

దయాకర్ రాస్తున్నాను. ఫోనులో మీకు మాట వినపడదు కాబట్టి ఇన్నేళ్లూ మీ చెల్లెలు స్నేహలత మీకు ఉత్తరాలు రాసేది. ఆమె పోయి మూడు నెలలైంది. ఇక నేనే రాయాలి. బల్ల సొరుగులో ఆమె కొన్న కవర్లు ఇంకా ఉన్నాయి.

నేను బాగానే ఉన్నాను. పప్పు కుదురుతున్నది. చారు ఇంకా కుదరలేదు. అమ్మాయి తార ప్రతి ఆదివారం నిజామాబాద్ నుంచి వచ్చి, ఫ్రిజ్ సర్ది వెళ్తున్నది.

మా వెనక వీధిలో రాధాబాయి గారి ఇంటికి దీపావళి తర్వాత నిప్పంటుకుంది. ఫ్రిజ్ వెనక వైరు. మనుషులకు ఏమీ కాలేదు. వంటగది, దాని పక్క గది పోయాయి. అది చూసి వచ్చాక మన ఇంటి సంగతి కూడా చూడాలనిపించింది. ఇంటి విలువ కట్టించాలి. కట్టినప్పుడు లెక్కలన్నీ స్నేహలతా మీరూ చూశారు. అప్పుడు ఎంత ఖర్చయిందో గుర్తుంటే రాయండి.

మల్లయ్యన్నకు నమస్కారం.

దయాకర్


ఇందల్వాయి,
16 నవంబర్

మరిది దయాకర్‌కు, పద్మలత వదిన దీవెనలతోని రాస్తున్న.

నీ ఉత్తరం వచ్చింది. పోస్టాయన మీ అన్న చేతికిచ్చిండు. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి, "ఇది ఉత్తరమా, కరెంటు బిల్లా?" అన్నడు. చెల్లె రాస్తె నాలుగు పేజీలు ఉండేటిది. ఏం కూర వండింది, ఎవలతోని కొట్లాడింది, గల్లీల ఎవలకు పిల్ల పుట్టింది, అన్నీ రాసేది. నీది ఒక్క పేజీ నిండలె. పప్పు కుదిరిందన్నవు, ఏం పప్పో రాయలె. నాకు తెలువద్దా?

చారుకు చింతపండు ముందుగాల నానబెట్టు. వేడి నీళ్లల్ల కాదు, సల్ల నీళ్లల్ల. నీకు తొందరెక్కువ.

ఇగ నువ్వడిగిన ముచ్చట. ఇంటికి ధర కట్టిస్త అంటున్నవు. నాకు గా రోజంత అన్నం సయించలె. మీ అన్ననైతె, "ధర కట్టిచ్చెటోడు అమ్మెటోడే, గింత సోయి లేదా నీకు" అన్నడు. రాధాబాయి ఇల్లు కాలితె నువ్వు నీ ఇల్లు అమ్ముడేంది? ఒక్కనికి గంత ఇల్లెందుకని ఎవలన్న చెవుల వేసిన్రా? వేస్తె వేయనీ. నువ్వు వినకు.

అడిగినవు కాబట్టి చెప్తున్న. జాగ గజానికి తొమ్మిది వందలు పెట్టి కొన్నరు. అప్పుడు బైపాసుకు అవతల తుమ్మచెట్లు తప్ప ఏమున్నయి. ఇయ్యాల గజం ఇరవై వేలంటున్నరట. కట్టనీకె ఏడు లక్షల దాంక అయింది. పోచయ్య మేస్త్రి ఇంకో పాతిక వేలు కావాలని కూసున్నడు. చెల్లె ఛాయ్ పోసింది, బిస్కట్లు పెట్టింది, ఆయన పిల్లల చదువులు అడిగింది, పైసలు మాత్రం ఇయ్యలె. గాయన నవ్వుకుంట పోయిండు.

ముందు గదిని అడుగు ఎత్తు ఎందుకు లేపిచ్చిందో నీకెరుకేనా? ఇంటికి అందమని నువ్వనుకున్నవు. పసుపుకు చెమ్మ తగలొద్దని. కిటికీలు ఎదురెదురుగ పెట్టిచ్చింది కూడ గందుకే. మా పెంకుటింట్ల వానకాలం పోయినా నేల ఆరదు, సంచులు పెడితె పురుగు పడ్తది. "అక్కా, నా ఇంట్ల నీకో గది కడుతున్న" అని పునాదప్పుడే చెప్పింది నాకు. నీకు చెప్పిందో లేదో.

గీసారి పంట మంచిగుంది. మాఘంల తవ్వుతం. ఉడకబెట్టి ఎండబెట్టి, మీ దిక్కు పాలిష్ పట్టిచ్చి ఎప్పటి లెక్కనె మార్చిల తెస్తం.

ఇల్లు అమ్ముతున్నవో లేదో గది ఒక్కటి జల్ది రాయి. నా మనసుల మనసు లేదు.

నీ వదిన
పద్మలత


ఆర్మూరు,
25 నవంబర్

వదినకు,

ఇల్లు అమ్మడం లేదు. అసలు మాటే రాయలేదు నేను. ఇంటికి బీమా చేయించాలనుకుంటున్నాను. అది రాశాననుకున్నాను. చారుకు సల్ల నీళ్లే వాడుతున్నాను. కంది పప్పు.

బీమా ఏజెంటు ముస్తకీమ్ వచ్చాడు. మామిడిపల్లి దిక్కు ఉంటాడు, నేను కరెంటు పనిలో ఉన్నప్పుడు నా దగ్గర మీటరు పెట్టించుకున్నవాడే. ఇంటి విలువ ఎంతని అడిగాడు. డెబ్బై అయిదు లక్షలన్నాను. మన కాలనీలో ఎవరైనా అదే అంటారు. మూడు వందల గజాలు, గజం ఇరవై వేలు, పైన కట్టిన ఇల్లు. అతను పెన్ను పక్కన పెట్టి నవ్వాడు.

"సార్, ఇల్లెంతంటె మీరు జాగ చెప్తున్నరు. ఆర్మూర్ల అందరు గంతే. జాగకు నిప్పంటుకుంటదా సార్? గాలికి కొట్టుకపోతదా? గోడలు, స్లాబు, తలుపులు, గింతే మనది."

ఇల్లు మొత్తం పోతే ఈ రోజు మళ్లీ కట్టడానికి ఎంతవుతుందో అదే బీమా మొత్తం. పన్నెండు వందల అడుగుల కట్టడం, అడుగుకు రెండు వేలు. ఇరవై నాలుగు లక్షలు. డెబ్బై అయిదుకు కట్టి ఉంటే మిగతాదంతా భూమికి దండగ. ఇంకా, మీరు చెప్పిన ఏడు లక్షలు లెక్కలోకి రావు. ఏడు లక్షలకే చేయించి ఉంటే, అవసరం పడ్డ రోజు గోడలు లేచేవి, పైకప్పు లేచేది కాదు. అప్పటి ఖర్చు కాదు, అమ్మితే వచ్చేది కాదు, ఇప్పుడు కట్టే ఖర్చు. ఇంత చిన్న విషయం నాకు తెలియదు. ప్రీమియం ఏడాదికి వెయ్యి రూపాయల చుట్టుపక్కల. రాధాబాయి గారికి చెబితే, వెయ్యేనా అని రెండుసార్లు అడిగారు.

పోచయ్య మేస్త్రి సంగతి నాకు తెలియదు. రాసినందుకు సంతోషం.

ఒకటి ఉంది. ఇది నివాసానికి మాత్రమే వర్తించే పాలసీ. అమ్మే సరుకు ఇంట్లో నిల్వ ఉంచితే లెక్క మారుతుంది. చెప్పకుండా ఉంచితే, నష్టం వచ్చినప్పుడు వాళ్లు డబ్బు ఇవ్వకపోవచ్చు. కాబట్టి ఈసారి ముందు గదిలో పసుపు పెట్టవద్దు. తర్వాత రాస్తాను.

అన్నకు నమస్కారం.

దయాకర్


ఇందల్వాయి,
5 డిసెంబర్

దయాకర్ గారికి,

మీ ఉత్తరం అందింది. పసుపు పెట్టము. నవీపేటల మా ఆడబిడ్డ ఇల్లున్నది, అక్కడ పెట్టుకుంటము. మీరు ఫికర్ చేయకండి.

మీ ఇల్లు చల్లగ ఉండాలె.

పద్మలత


ఆర్మూరు,
11 డిసెంబర్

వదినకు,

మీ ఉత్తరం చదివాను. నా పెళ్లయిన నాటి నుంచి మీరు నన్ను నువ్వనే పిలిచారు. మొదటిసారి మీరు అన్నారు. నా ఉత్తరం ఎట్లా చేరిందో దానితో తెలిసింది.

పెట్టవద్దంటే వద్దని కాదు. ముస్తకీమ్‌ను అడిగి ఒక దారి తేల్చేదాకా ఆగమని. తర్వాత రాస్తాను అన్న మాటలో అదంతా ఉందనుకున్నాను. లేదు. తార చదివి, "నాన్నా, గిట్ల రాస్తె ఎవలకైనా కోపమొస్తది. అమ్మయితె చింపేసేది" అన్నది.

నవీపేటలో పెట్టకండి. గోదావరి దగ్గర. ఆ గాలిలో తేమ ఉంటుంది. మీ పసుపు కొమ్ములు రంగు దిగుతాయి.

ముందు గది గురించి రాస్తాను. ఆగస్టు తర్వాత అందులో ఎవరూ పడుకోలేదు. రోజూ ఊడుస్తున్నాను. నేల మీద గచ్చులోకి దిగిన పసుపు ఉంది కదా, అది పోదు. దసరాకు ముందు సున్నం వేయడానికి మనిషి వచ్చాడు. గోడకు సంచుల ఎత్తు దాకా పచ్చగా ఉంది, దాన్ని గీకి వేయాలన్నాడు. గీకవద్దన్నాను. పైన తెల్లగా, కింద పచ్చగా ఉంది ఇప్పుడు. ముస్తకీమ్ చూసి రెండు రంగులు వేయించారా అని అడిగాడు. అవునన్నాను.

ఇంట్లోని సామానుకు కూడా బీమా ఉంటుందట. ఒక్కోటి చెప్పమన్నాడు. ఫ్రిజ్, టీవీ, మిషన్, మంచాలు చెప్పాను. స్నేహలత తూకం వేసే పాత తరాజు గోడకు వేలాడుతున్నది. దాని ధర ఎంత రాయాలని అడిగాడు. తెలియదన్నాను. "గిసొంటివాటికి పైసలు రావు సార్. ఫొటో తీసి పెట్టుకోండి" అన్నాడు. తీసుకున్నాను.

ఇంత రాయడం నాకు అలవాటు లేదు. కోపం తగ్గితే రాయండి. తగ్గకపోయినా రాయండి.

దయాకర్


ఇందల్వాయి,
2 జనవరి 2026

మరిదికి,

కోపం తగ్గింది. గోడ గీకనియ్యలేదని చదివినంక ఇంకేం కోపం. మీ అన్నకు చదివి వినిపిచ్చిన. కండువ తీసుకొని పొలం దిక్కు పోయిండు.

తార అన్నది నిజమే. చెల్లె చింపి, మళ్ల నాలుగు పేజీలు రాసేది.

నేనొకటి చెప్త విను. మీ అన్న అంటుండు, "గింత దానికి తలకాయ నొప్పి ఎందుకు? పసుపు ఉందని ఆ బీమా వాళ్లకు చెప్పకపోతె అయిపాయె. ఆర్మూర్ల ఎవల ఇంట్ల లేదు పసుపు? మంచం కింద లేదా, మెట్ల కింద లేదా? ఎవల్లన్న చెప్తరా?" నేను కూడ గదే అనుకున్న. చెల్లె ఉంటె గట్లనే చేసేటిది. పశువుల లెక్కలోళ్లు వస్తె పక్కింటోళ్ల కోళ్లను గూడ మనయే అని చెప్పిందట, గుర్తున్నదా? లెక్క పెద్దగుంటె మర్యాద అన్నది.

కని నువ్వు అబద్ధం చెప్పవు. చెప్పుమన్నా చెప్పరాదు నీకు. కాబట్టి నా మాట విను. మా కోసం ఎక్కువ పైసలు కట్టకు. గోదాము కిరాయికి తీసుకుంటం, దానికి ఏమంత అవుతది. పాలిష్ అయినంక సంచులు సక్కగ గోదాముకు పోతయి, ధర వచ్చిన రోజు మీ అన్న వచ్చి అమ్ముకొని సాయంత్రం బస్సుకు వస్తడు.

గింత రాసి, మళ్ల కలం పెట్టిన. అసలు ముచ్చట రాయలె.

పసుపు నీ ఇంట్ల ఉంటె నేను సంచుల మీద కన్నేసి ఉండాలె. గందుకని ధర వచ్చేదాంక ఉంటుంటి. ఒక ఏడాది రెండు నెలలు, ఒక ఏడాది మూడు. ఎవలేమంటరు? పని మీద ఉన్నది అంటరు. గోదాముల ఉంటె నాకు ఆర్మూర్ల ఏం పని? చుట్టపు చూపుకు వస్త. రెండు దినాలు ఉంటె మూడో దినం నువ్వే బస్సు టైము చెప్తవు. చెల్లె ఉన్ననాడు నాకు గీ ఆలోచన రాలె. పసుపు లేకుంటె గా ఇంటికి నేను ఏమని రావాలె, చెప్పు.

రాకుంటె గూడ నడుస్తది. నీకు వంట వచ్చె. నాకు ఇక్కడ పని ఎప్పటికి ఉన్నదే. ఊరికె రాసిన.

వదిన


ఆర్మూరు,
14 జనవరి

వదినకు,

మీరు ఊరికే రాయలేదు. నేనూ ఊరికే చదవలేదు.

గోదాము తీసుకోవద్దు.

ముస్తకీమ్‌తో కలిసి నిజామాబాద్‌లో బీమా ఆఫీసుకు వెళ్లాను. దారి ఉంది. ఇల్లు, సరుకు వేరువేరుగా రాస్తారు. ఒక గదిలో ఏడాదిలో కొన్ని నెలలు ఎండు పసుపు నిల్వ ఉంటుందని ఇంటి కాగితంలోనే చెప్పాలి. అప్పుడు ఇంటికి పడే రేటు పెరుగుతుంది, ఎందుకంటే గోనెసంచులకు నిప్పు తొందరగా అంటుకుంటుంది. పసుపుకు దాని ధరను బట్టి విడిగా. మొత్తం కలిపితే నివాసం రేటుకు నాలుగింతలు. వినడానికి పెద్దగా ఉంది. లెక్క వేస్తే, నేను వారానికోసారి తినే ఇడ్లీ ఖర్చు కన్నా ఎక్కువ కాదు. సరుకు మీది కాబట్టి సరుకు బీమా మీ పేరున ఉండాలన్నారు. మీ ఆధార్ నకలు పంపండి. ఇంటి భాగం నేను కడతాను, సరుకు భాగం మీరు కట్టండి. ఉచితంగా పెట్టుకోమంటే మల్లయ్యన్న ఒప్పుకోడని తెలుసు.

అక్కడ జరిగింది రాస్తాను, మీరు అడుగుతారు కాబట్టి. ఆఫీసరు చిన్న వయసు అమ్మాయి, నెమ్మదిగా అన్నీ అడిగింది. పక్క కుర్చీలో మోర్తాడ్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి వింటున్నాడు. ఉండబట్టలేక నా మోచేయి తట్టాడు.

"సారూ, సరుకు లేదని రాస్తె పోలేదా? నాలుగింతలెందుకు కడ్తవు?"

"సరుకు ఉంటది" అన్నాను. "మా వదిన వస్తది."

ఆయనకు అర్థం కాలేదు. ఆ అమ్మాయికి అయిందేమో, తల దించుకుని రాసుకుంది. ఏడాదిలో ఎన్ని నెలలు నిల్వ ఉంటుందని అడిగింది. ధర వచ్చేదాకా అన్నాను. ఆ గడిలో నెలలే రాయాలట. మార్చి నుంచి జూన్ దాకా అని రాయించాను. తర్వాత ఆలోచించి, ఆగస్టు దాకా చేయమన్నాను. ధర ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు.

ఇంట్లో ఎంతమంది ఉంటారని కూడా ఉంది. ఒకరు అని రాశాను. మార్చి వచ్చాక మార్చుకోవచ్చట.

మీరు ఏమని రావాలో అడిగారు. పసుపు మీద కన్నేసి ఉండడానికి రండి. ఎప్పటిలాగానే. బీమా వాళ్లు కూడా సరుకు దగ్గర మనిషి ఉండాలంటారు. అది నేను కల్పించి రాయడం లేదు. నష్టం జరగకుండా జాగ్రత్త పడాలని వాళ్ల షరతుల్లో ఉంది.

బస్సు టైములు నాకు తెలియవు.

దయాకర్


ఇందల్వాయి,
1 మార్చి

మరిది దయాకర్‌కు,

ఆధార్ ముస్తకీమ్‌కు అందింది కదా. బీమా కాగితం మీద నా పేరున్నదని మీ అన్నకు చెప్పిన. "నా పొలం పాసుబుక్కుల నీ పేరు లేకపాయె, మరిది ఇంట్ల ఎక్కిచ్చుకున్నవు" అని రెండు రోజులు ఏడిపిచ్చిండు. తర్వాత సాటుకు నన్నడిగిండు, "మనిషి ముసలోడై ముందు గదిల పడుకుంటె ఆయనకు గూడ బీమా వస్తదా" అని. సరుకుకే వస్తదని చెప్పిన. సరుకే గద నేను అన్నడు.

పసుపు ఎండింది. గుండ్రటి గోళ వేరు, పొడుగు కొమ్ము వేరు చేసినం. బుధవారం వ్యాన్ మాట్లాడినం. పాలిష్ దగ్గర మీ అన్న ఉంటడు, నేను ముందుగాల వచ్చి గది చూసుకుంట. నేల మీద కట్టెలు పరుచు, సంచులు గచ్చుకు తగలొద్దు. కిటికీలు రెండూ తెరిచి పెట్టు. చెల్లె తరాజు ముట్టకు, నేను తుడుస్త. వైర్లు నువ్వే చూసుకో, నీ పనే గద. గదిల ప్లగ్గు ఏదన్న ఉంటె తీసెయ్.

రాధాబాయికి జొన్న పిండి తెస్తున్న అని చెప్పు. నీకు చారు నేనొచ్చినంకనె. అప్పటిదాంక పప్పుతోనె ఉండు.

ఇంకో ముచ్చట. గీసారి చెల్లె లేదు కదా, పొద్దుగాల పూట ఎట్ల పోతదో అని భయమున్నది. నీకు రాసిన, ఇంకెవలకు చెప్పలె.

వదిన


ఆర్మూరు,
26 ఏప్రిల్

వదినకు,

మీ పక్కింటి పెళ్లికి మీరు ఇందల్వాయి వెళ్లి వారం కాలేదు, ఉత్తరం రాయమని చెప్పి వెళ్లారు కాబట్టి రాస్తున్నాను. పక్క వాళ్ల పెళ్లి అన్నాక పది రోజులు పడుతుందని నాకు తెలుసు.

సంచులు బాగున్నాయి. పొద్దున కిటికీలు తెరుస్తున్నాను, సాయంత్రం మూస్తున్నాను. ఎండలు ముదిరాయి. సిద్ధుల గుట్ట రాళ్ల వేడి ఇక్కడికే తగులుతున్నట్లుంది. ముందు గది మాత్రం చల్లగా ఉంది. మధ్యాహ్నం అక్కడే చాప వేసుకుంటున్నాను. పసుపు వాసనకు నిద్ర బాగా పడుతున్నది. ఇన్నేళ్లు ఈ ఇంట్లో ఉండి, ఆ గదిలో పడుకోవడం ఇదే మొదలు. ఆమె అక్కడే పడుకునేది, మీతో.

పొద్దుటి పూట సంగతి రాశారు మార్చిలో. జవాబు రాయలేదు, మీరే వచ్చారు. నాకూ అదే పూట కష్టం. మీరు వచ్చాక వంటింట్లో గిన్నెల చప్పుడు వినపడుతున్నది. మీకు వినపడదు కాబట్టి ఎంత గట్టిగా పెడతారో మీకు తెలియదు. తెలియకపోవడమే మంచిది.

రాధాబాయి గారి వంటగదికి కొత్త స్లాబు వేశారు. ఈసారి వేయగానే ముస్తకీమ్‌ను పిలిచి బీమా చేయించుకున్నారు. ఇంటి విలువ ఎంతమ్మా అంటే, "జాగ వదిలెయ్యి, గోడలు రాసుకో" అన్నారట. ముస్తకీమ్ వచ్చి చెప్పి నవ్వాడు. మన వీధిలో ఇంకో నలుగురు చేయించారు. అందరూ మొదట గజాల ధరే చెప్పారట.

మన పాలసీ కాగితాలు పోస్టులో వచ్చాయి. ఇల్లు నా పేరున, ముందు గదిలో ఎండు పసుపు మీ పేరున. రెండూ ఒకే చిరునామా. మీది తరాజు పక్క మేకుకు తగిలించాను.

ఇక ధర. మల్లయ్యన్న తప్పకుండా కనుక్కోమన్నాడు కాబట్టి దాచకుండా రాస్తున్నాను. నిన్న మార్కెట్ యార్డుకు వెళ్లి చూసి వచ్చాను. కొమ్ము ధర పెరిగింది. పోయిన నెల మీరు ఆశ పడ్డ ధర కన్నా ఎక్కువే పలుకుతున్నది. తెలిసినవాళ్లు ఇదే అదనన్నారు, ఇప్పుడు అమ్మితే నష్టం లేదన్నారు. నేను విన్నాను.

అయితే తొందర లేదు. ఇంకా పెరగవచ్చు. పెరగకపోయినా ఫరవాలేదు. గది పొడిగానే ఉంది, కాగితంలో ఆగస్టు దాకా అని ఉంది. పెళ్లి చూసుకుని నిదానంగా రండి. వచ్చాక, ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం, అమ్మాలా, ఆగాలా అని. నేనైతే ఆగుదామంటాను.

చారు నిన్న కుదిరింది. మీకు కొంచెం ఉంచాను, కాని అది అప్పటిదాకా ఉండదు. మళ్లీ పెడతాను.

మీ మరిది
దయాకర్